బోర్డు మీద మాట, దువ్వెన కింద తల

అప్పటికి పదకొండు తలలయ్యాయి. ఆయమ్మ పన్నెండో తలని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో జుట్టు మొదలు బిగించి పట్టుకుని, కుడిచేత్తో కొసల నుంచి చిక్కు తీస్తోంది. మొదట్నించి లాగితే పిల్ల ఏడుస్తుంది. కొసల నుంచి వస్తే చిక్కుకే విసుగొచ్చి విడిపోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే పద్ధతి.

వరుసకీ ఒక పద్ధతుంది. ఇంటికి ఆఖర్న వచ్చిన పిల్లకి మొదటి దువ్వెన. కొత్తవాళ్లకే కదా చిక్కులెక్కువ! ఇవాళ మాత్రం ఆ మొదటి తల తువ్వాలు చుట్టుకుని తలుపు చాటున కూర్చుంది. దాని పేరు గుండుసూది. ఏడాది కిందట పేలతో వస్తే గుండు చేయించారు, మనిషేమో సూదంత. పేరు అలా గుచ్చుకుంది.

ఆయా, అమ్మ కలిస్తే ఆయమ్మ. ఈ సంధి ఏ పండితుడూ చేయలేదు, పిల్లలే చేశారు. నలభై మంది ఒక్కసారి వరండాలో పరుగెడితే, "ఇది శరణాలయం కాదర్రా, చరణాలయం!" అని ఆమె వేసే కేకకి వీధిలో కుక్కలు కూడా నెమ్మదిగా నడిచేవి. సాయంత్రం ఐదింటి బస్సుకి ఆ గొంతు చెల్లెలి ఊరు వెళ్లిపోతోంది. ఉద్యోగానికి వయసు తీరింది, మోకాళ్లకీ తీరింది. దువ్వెన అందుకోవడానికి కొత్తామె వచ్చింది. గుండుసూది ఆమెని దగ్గరికి రానివ్వడం లేదు. ఆ తల ఒకరి చేతికి అప్పగించకుండా బస్సెక్కడం ఆయమ్మ వల్ల అయ్యే పని కాదు.

ఆ ఇంట్లో అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన ప్రతి పిల్లా మొదట చదివేది గేటు మీది బోర్డే. అంతంత అక్షరాలు ఏ పుస్తకంలోనూ ఉండవు. భోజనాలయ్యాక గుండుసూది వంతు వచ్చింది.

"అ... నా... థ... శ... ర... ణా... లయం. ఆయమ్మా, అంటే ఏంటి?"

ఇదివరకు ఒకడికి "అన్నం పెట్టే ఇల్లు" అనీ, ఒకతెకి "అల్లరి పిల్లల అడ్డా" అనీ చెప్పి తప్పించుకుంది. ఇవాళ ఆమె నోరు విప్పేలోపే వరండాలో లెక్కలు రాసుకుంటున్న ఆఫీసు గుమాస్తా అందుకున్నాడు.

"పాత మాటలమ్మా. నాథుడంటే కాపాడేవాడు. ముందు 'అ' పెడితే వాడు లేడని. శరణమంటే కాపుదల, ఆలయమంటే ఇల్లు. కాపాడేవాళ్లు లేనివాళ్లని కాపాడే ఇల్లు."

"చాల్లెండి గుమాస్తాగారూ! లోపలికొచ్చి కాపుదల దొరికాక ఇంకా లేనివాళ్లెలా అవుతారు? ఆ మొదటి ముక్క గేటు దాకానే. లోపల చెల్లదు," అంది ఆయమ్మ.

"నువ్వు వెళ్లిపోతే చెల్లుతుందా?" అనేసి గుండుసూది మళ్లీ తలుపు చాటుకి పోయింది.

గుమాస్తా కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆయమ్మ వెళ్లి కొత్తామె ముందు చతికిలబడి ముడి విప్పేసింది.

"అమ్మాయ్, నాకు దువ్వు."

ఇన్నేళ్లలో ఇంకొకరి చెయ్యి పడని నెరిసిన జుట్టు. కొత్తామె కంగారులో మొదట్నించి లాగింది.

"అబ్బా!"

"అలా కాదు!" తలుపు చాటునుంచి అరుపు. "మొదలు పట్టుకో. కొసలు ముందు!"

"ఎలా తల్లీ? కాస్త చూపించు," అంది కొత్తామె.

గుండుసూది వచ్చి ఆయమ్మ జుట్టు గుప్పిట్లో బిగించి, కొసలు రెండుసార్లు దువ్వి, దువ్వెన తిరిగిచ్చింది. కొత్తామె చెయ్యి కదిలే తీరుని పరీక్ష పెట్టిన మేష్టారిలా చూసింది. ఆఖరికి తువ్వాలు లాగేసింది.

"జరుగు ఆయమ్మా. ముందు నాది. ఆఖర్న వచ్చింది నేనేగా!"

"కాదే, నేను," అంది కొత్తామె.

గుండుసూది ఆలోచించింది. "సరే. రేపట్నించి ముందు నీకు నేను దువ్వుతా. ఇవాళ్టికి నాది కానీ."

ఆయమ్మ జరిగింది. జరిగి, గోడకి చేరగిలబడి, చెంగు అడ్డం పెట్టుకుంది.

నాలుగున్నరకి సంచీ తీసుకుని బయల్దేరబోతే గుమ్మం దగ్గర కుడికాలి చెప్పే ఉంది, ఎడమకాలిది లేదు. మంచాల కింద వెతికింది. గుండుసూది దిండు ఒక పక్క ఎత్తుగా కనబడింది. ఎత్తి చూడలేదు. పెరట్లో పిల్లలు కొత్తామె చుట్టూ గోల గోలగా ఉన్నారు, గుండుసూది గొంతు అందరికన్నా పైన. ఆయమ్మ కుడి చెప్పు దులిపి దిండు కిందికి తోసి, దుప్పటి సవరించి, ఉత్త కాళ్లతో గేటు దాటింది.

దిండు కింద జత కలిసి పడుకున్నాయి, మడమల దగ్గర అరిగి, బొటనవేళ్ల చోట గుంటలు పడిన రెండు పాత చెప్పులు.