మంచి గడియకు నూకిన బండి

ముందు సీటు ఎత్తి, సిద్ధు పాత వ్యాను ఇంజన్‌లోంచి డిస్ట్రిబ్యూటర్‌ను పైకి లాగాడు. ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచేది అదే. దాని రబ్బరు రింగు తెగి నూనె కారుతోంది. తీయకముందే, లోపల తిరిగే రోటర్ ముక్క ఎటు చూస్తోందో మేకుతో గీతలు పెట్టుకున్నాడు.

“తాళంచెవి ముట్టకుండ్రి. గిది బయటున్నప్పుడు ఇంజన్ తిరిగిందా, టైమింగ్ పోయినట్టే, ప్లగ్గుల వంతులు తప్పుతయి,” అని చెప్పి, రింగు తేవడానికి బోథ్‌లోని సామాన్ల దుకాణానికి నడిచిపోయాడు.

అతని భార్య స్వరూప తాళంచెవిని కొంగున ముడేసుకుంది. ఊయలలో ప్రణతి నిద్రపోతోంది. ఏడాదైనా నిండని పిల్లకు ఈమధ్య రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. పిల్లల నరాల డాక్టర్ ఆదిలాబాద్‌కు నెలకొక్కసారే వస్తాడు. అది ఈరోజే, మధ్యాహ్నం దాకానే. పొద్దుటి బస్సు పోయింది.

అత్త భూమవ్వ వాకిట్లోకి వచ్చింది. “ఓ పిల్లా, దుర్ముహూర్తం దగ్గరికొస్తున్నది. గా లోపల బండి గేటు దాటాలె. జర నూకి రోడ్డు మీద పెడితే బయలెల్లినట్టే లెక్క.”

“ఆయన రానీ అత్తా.”

“వాడొచ్చేదాక గడియ ఆగుతదా? పోయిన నెల గిట్లనే గడియ చూడకుంట పోతిరి. డాక్టర్ రానేలే.”

ఆ మాటకు స్వరూప కొంగు దోపుకుని బండి వెనక్కి నడిచింది. ఇద్దరూ వెనకనుంచి నెట్టారు. వ్యాను మొరాయిస్తూ, ఆగాగి కదిలింది.

“తిండి తినలేదానే? గట్టిగ నూకు!” అంది భూమవ్వ.

సిద్ధు తిరిగొచ్చేసరికి బండి రోడ్డు మీద ఉంది. చేతిలో రింగు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“తాళంచెవి ముట్టలే,” అంది స్వరూప, కొంగుముడి చూపిస్తూ.

“గేర్ల ఉన్న బండిని నూకితే చక్రాలతోటి ఇంజన్ తిరగదానే? నా గీతలు ఇగ దేనికి పనికొస్తయి?”

“గేర్ల పెట్టి పోయినోడు చెప్పిపోవద్దా?” అంది భూమవ్వ.

“తిట్టుడు తర్వాత తిట్టు. ఇప్పుడేం జెయ్యాలె చెప్పు,” అంది స్వరూప.

సిద్ధు ఒకటో ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద ఆమె బొటనవేలు పెట్టించాడు. “మేం నూకుతం. లోపల్నుంచి గాలి వేలును తన్నంగనే ఆగుమను. గప్పుడే ఒకటో ప్లగ్గు వంతు.”

తల్లీకొడుకులు నెట్టారు. మొదట గాలి వేలిని లోపలికి పీల్చింది. తర్వాత ఒక్కసారిగా పైకి తోసింది.

“ఆగుండ్రి!”

సిద్ధు బండిని ఇంకొంచెం జరిపి, ఇంజన్ పుల్లీ చక్రం మీది గీతను దాని గుర్తుకు తెచ్చి, డిస్ట్రిబ్యూటర్‌కు కొత్త రింగు తొడిగి, రోటర్ ఒకటో ప్లగ్గు వైరుకు ఎదురుగా వచ్చేలా దించి బిగించాడు. ప్లగ్గు పెట్టేసి, గేరు తప్పించి, స్వరూప ఇచ్చిన తాళంచెవి తిప్పాడు. ఇంజన్ దగ్గింది, ఆగింది, మళ్లీ తిప్పితే అందుకుంది.

“దుర్ముహూర్తం పడ్డదిరా. జర ఆగి పోండ్రి,” అని భూమవ్వ అడ్డం వచ్చింది.

“ఆగితే డాక్టర్ పోతడు, అత్తా. జరుగు.” స్వరూప బిడ్డనెత్తుకుని ఎక్కింది.

ఊరు దాటుతుండగా ప్రణతి పిడికిలి బిగుసుకుంది. ఫిట్స్ వచ్చేముందు అలాగే బిగుస్తుంది. స్వరూప నూనె అంటిన వేలితోనే మెల్లగా విప్పింది. చిన్నవేళ్లు విడివడ్డాయి. మళ్లీ బిగుసుకున్నాయి.

“జర తేజ్ పోనియ్,” అంది.