ఫియట్ నంబరు మీద పసుపు

మా కామాటిపురలో నా మాటకు విలువ లేదు. అది నా తప్పు కాదు, వినేటోళ్ళకు ఓపిక తక్కువ. మా నాయన నెత్తి మీద ఇటుకల తట్టతోనే నిలబడి నిద్రపొయ్యి, కలలోనే పాలమూరు పొయ్యి, చేను దున్ని, తెల్లారేసరికి మళ్ళ పనికాడ ఉన్నడని చెప్తే ఎవరన్న నమ్మాలె కద. నమ్మరు. మా ఆమె రత్నాబాయి అయితే, "దున్నినప్పుడు తట్ట దించిండా, నెత్తి మీదనే ఉండెనా?" అని నలుగురిలో నా పరువు తీస్తది. పెళ్ళయినప్పటి సంది నా కోతను ఒక్కదాన్ని కూడ ఆమె గడప దాటనియ్యలేదు.

ఇప్పుడు చెప్పేది మాత్రం కోత కాదు. తలుచుకుంటే ఇప్పటికీ నాలుక తడారిపోతది.

ప్రతీక్ మా బిడ్డ కొడుకు. ఫోన్లో పిలిస్తే వచ్చే టాక్సీ నడుపుతడు, బండి వేరేవాళ్ళది. వానికి పాత ఫియట్ పిచ్చి. ఆ నలుపు పసుపు ఫియట్ టాక్సీలు రోడ్ల మీద నుంచి పోయినంక ఇప్పుడు వాటికి పెళ్ళిళ్ళలో, షూటింగుల్లో గిరాకీ పెరిగిందట. "సొంత బండి తాతా. ఇంకొకని మాట పడే పని లేదు" అంటడు. వెతికి వెతికి పోయిన శ్రావణంలో ఒకటి పట్టిండు. పాలరంగు ఫియట్, నాగ్‌పాడాలో ఒక గ్యారేజీలో ఉన్నది. అమ్మేటాయన పేరు కునాల్.

ప్రతీక్ ఏం తెలివి తక్కువోడు కాదు. ముందే పొయ్యి ఆర్సీ చూసిండు. బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక గోడ తీరు ఒక రేకు నిలబడి ఉంటది, దాని మీద చాసిస్ నంబరు గుద్ది ఉంటది. ఆ నంబరును, ఆర్సీలో నంబరును పక్కపక్కన పెట్టి చదివిండు. ఒక్క అంకె తేడా లేదు.

"పాత బండికి ఇంజన్ మారొచ్చు తాతా, చాసిస్ మారదు. అదే దాని జాతకం" అన్నడు.

"జాతకం కుదిరితే ఇంక మేమెందుకురా?"

"అవ్వ పసుపు పెట్టాలె అంటున్నది. ఆమె పెట్టకముందు సంతకం చేస్తే ఇంట్లకు రానిస్తదా?"

రానియ్యదు. మేం కామాటోళ్ళం. మా పెద్దలు ఈ పట్నంలో గోడలు కట్టినప్పుడు పనికాడ అందరి తాపీలు, సుత్తెలు ఒక్క తీరుగనే ఉండేవి. కలిసిపోకుండ ఎవని సామాను మీద వాడు ఉలితో తన గుర్తు కొట్టుకునేటోడు. కొత్త సామాను వస్తే ఆ గుర్తు మీదనే తడి పసుపు రుద్ది, తుడవాలె. గీతల్లో పసుపు నిలిచినంకనే అది మనది. పిడికి పెడితే లెక్కలోకి రాదు. ఇప్పుడు తాపీలు పొయ్యి ఫ్రిజ్జులు వచ్చినయి, అయినా రత్నాబాయి ఫ్రిజ్ వెనకకు దూరి, నంబరు వెతికి మరీ రుద్దింది.

మధ్యాహ్నం ముగ్గురం పోయినం. గ్యారేజీ ఒక సందు చివర, లోపల చీకటి, ఆయిల్ వాసన. కునాల్ మెత్తటి మనిషి. "రండి దాదాజీ" అని కుర్చీ వేసిండు. షటర్ దగ్గర ఇంకొకడు నిలబడి ఉన్నడు, గణేష్ అట. మా మాటలు విని, "మాది కూడ పాలమూరే పెద్దయ్యా" అని నవ్విండు. పండ్ల వరకే ఆ నవ్వు.

నేను ఊరుకుంటనా? ఫియట్ మీద చెయ్యి వేసి, "దీని అన్నను నేను ఖండాలా ఘాటు కొండ మీదికి ఎనకకు నడుపుకుంట ఎక్కించిన" అని కునాల్‌తో హిందీలో అన్న.

"ఈయనకు సైకిల్ రాదు" అన్నది రత్నాబాయి, అదే హిందీలో.

కునాల్ నవ్వి ప్రతీక్‌ను బల్ల దగ్గర కూర్చోపెట్టిండు. ప్రతీక్ తన ఆధార్ జిరాక్సు, ఫోటోలు ఉన్న కవరు ఇచ్చిండు. కునాల్ దాన్ని తన మోచేతి కింద పెట్టుకొని, బండిని పేరు మీదికి మార్చే కాయితాలు వాని ముందరికి జరిపిండు. వాడు పెన్ను మూత తీసిండు.

"ఆగు బిడ్డా. ముందు పసుపు" అన్నది రత్నాబాయి.

"పెట్టండి మాజీ, బానెట్ మీద పెట్టండి" అన్నడు కునాల్.

"బానెట్ మీద కాదు. నంబరు మీద."

ఆయన మొహంలో నవ్వు అట్లనే ఉన్నది, కండ్లల్లో మాత్రం లేదు. "లోపలంత గ్రీజు మాజీ, చీర ఖరాబైతది."

ప్రతీక్ అప్పటికే లేచి, "అవ్వ వినదు భాయ్" అనుకుంట బానెట్ ఎత్తేసిండు. ఎత్తి, మళ్ళ పొయ్యి బల్ల దగ్గర కూర్చున్నడు.

రత్నాబాయి పసుపును అరచేతిలో నీళ్ళతో కలిపి, వంగి, ఆ రేకు మీద బాగ రుద్దింది. తర్వాత గుడ్డతో తుడిచింది. అంకెలన్నీ పచ్చగ లేచినయి. వాటితోపాటు ఇంకొకటి లేచింది. నంబరు చుట్టూ, జానెడు పొడుగు, నాలుగు వేళ్ళ వెడల్పు, వెంట్రుక మందాన ఒక పచ్చ గీత. నాలుగు పక్కల తిరిగి కలుసుకున్నది.

"ఏమయ్యా, దీని నంబరుకు దేవుని పటానికి ఉన్నట్టు చౌకట్టు ఉన్నదే" అన్నది, తెలుగులో, గట్టిగ.

నేను వంగి చూసిన. నా జన్మంతా గోడలకు మాసికలు వేసి పైన రంగు కొట్టినోన్ని. మాసిక అంచును చూస్తే నాకు తెల్వదా? నంబరు ఉన్న ముక్కను వేరే బండి నుంచి కోసి తెచ్చి ఇక్కడ అతికించిండ్రు. ఆ ఆర్సీ నిజమైనదే, ఎప్పుడో చచ్చి తుక్కుకు పోయిన ఫియట్‌ది. ఈ నిలబడ్డ బండి ఎవరిదో. ఎవని గల్లీలో నుంచో ఎత్తుకొచ్చింది. ప్రతీక్ సంతకం పెడితే ఆ దొంగబండి వాని పేరు మీదికి వస్తది. పోలీసులు వచ్చిన రోజు కునాల్ ఉండడు, మా పోరడు ఉంటడు. వాని టాక్సీ బ్యాడ్జి పోతది, బతుకు పోతది, జైలుకు కూడ పోతడు.

తల ఎత్తితే కునాల్ నన్నే చూస్తున్నడు. గణేష్ ఆయన చెవిలో ఏదో అన్నడు. రత్నాబాయి అన్న మాట వానికి అర్థమైంది, పాలమూరోడు కద. తర్వాత వాడు పొయ్యి షటర్ సగానికి దించిండు.

"ఎండ కొడుతున్నది" అన్నడు. ఆ సందులోకి ఎండ ఎన్నడూ రాదు.

హిందీలో అంటే కునాల్ వింటడు. తెలుగులో అంటే గణేష్ వింటడు. ప్రతీక్ చేతిలో పెన్ను కాయితం మీదికి వంగింది.

"ఏమైంది దాదాజీ?" అన్నడు కునాల్.

"ఏం కాలేదు" అన్న. "మా ఆమె చౌకట్టు చూసి మురుస్తున్నది. పాత ఫియట్లకు అన్నిటికీ ఉంటది కద. కంపెనీవాళ్ళు అప్పట్ల నంబరుకు మర్యాద ఇచ్చేటోళ్ళు. ఫోటో కట్టినట్టు కట్టేటోళ్ళు."

అనేసి రత్నాబాయి దిక్కు చూసిన. ఇప్పుడు ఆమె నోరు తెరిచి, ఎప్పటి తీరుగ, "ఈయనకేం తెలుసు, ఈయన ఫియట్ ఎన్నడు చూసిండు" అంటే మా ముగ్గురి పని అయిపోయినట్టే. చెమట నా చెవి వెనక నుంచి జారి కాలర్‌లోకి పోయింది.

ఆమె నా మొహం చూసింది. పసుపు గుడ్డను మెల్లగ మడిచింది.

"అవును. మీ అన్న బండికి కూడ ఇట్లనే ఉండె" అన్నది.

నాకు అన్న లేడు. ఒక్కన్నే కొడుకును. ఆ సంగతి ప్రతీక్‌కు తెలుసు. అంతకన్న, వాళ్ళ అవ్వ నా మాటకు అవునని అనుడు వాడు పుట్టినప్పటి సంది వినలేదు. వాని చెయ్యి కాయితం మీద ఆగిపోయింది. తల ఎత్తలేదు. మెడ దగ్గర నరం మాత్రం కొట్టుకుంటున్నది.

"పసుపు ఆరాలె. ఆరినంకనే సంతకం" అన్నది రత్నాబాయి. "అందాక ఆ కవరును అమ్మవారి ముందర పెట్టి తెస్తం. పిల్లగాని ఫోటోలు దాంట్లోనే ఉన్నయి కద."

"ఈ బండిని వదిలి నేను ఎక్కడికీ పోను భాయ్" అన్నడు ప్రతీక్, మెల్లగ పెన్ను మూత పెట్టుకుంట. "అవ్వ చేతిలో ఉన్నది నా బతుకు. గుడి మా గల్లీలోనే, పొయ్యి వస్తం."

కునాల్ మోచెయ్యి కవరు మీద నుంచి లేవలేదు. నేను నవ్వుదామనుకున్న, పెదవి పంటికి అతుక్కున్నది.

"ముసలోళ్ళతోని ఇదే కష్టం భాయ్. పెళ్ళికి కూడ ముహూర్తమని నన్ను ఏడాది నిలబెట్టింది ఈమె" అన్న.

ఆయన కవరు తెరిచిండు. ఆధార్ జిరాక్సు తీసి, తన ఫోన్‌తో ఫోటో కొట్టుకొని, మళ్ళ కవరులో పెట్టి ఇచ్చిండు. "నమ్మకం కోసం" అన్నడు. "మీరుండే చాల్ పేరు కూడ ఉన్నది దీంట్లో. మంచిది. తొందరగ రండి."

షటర్ కింద వంగి బయటికొచ్చినం. నా వీపు మీద వాళ్ళ చూపు పాకుతున్నట్టే ఉన్నది. మూల తిరిగినంక ప్రతీక్ అడిగిండు. నేను చెప్పిన. వాడు గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డడు.

"వదిలేద్దాం తాతా. ఇంటికి పోదాం. మన ఇంటి పత్తా వాని ఫోన్లో ఉన్నది. పోలీసులకు చెప్తే ఇంటి మీదికొస్తరు."

నాకూ అదే అనిపించింది, దాచిపెట్టుడు ఎందుకు. ఇంటికి పొయ్యి తలుపు వేసుకుంటే చాలు అనిపించింది.

"పత్తా ఉన్నందుకే పోవాలె" అన్నది రత్నాబాయి. "నువ్వు పెట్టకపోతే రేపు వాడే నీ సంతకం గీకుతడు. ఆ దొంగబండిని నీ నెత్తి మీద పెట్టి పోతడు. అప్పుడు ఎవరికి చెప్తవు బిడ్డా?"

ప్రతీక్ ఆమె చెయ్యి పట్టుకున్నడు, ఇంకొక చెయ్యి నేను పట్టుకున్న. మా గల్లీకి పోవాలంటే కుడికి తిరగాలె. మేం ఎడమకు తిరిగినం, ఠాణా దిక్కు. వెనక పాన్ దుకాణం దగ్గర గణేష్ ఉన్నడు. మేం తిరిగేది చూసి ఫోన్ చెవికి పెట్టుకున్నడు.

ఎవ్వరం ఉరకలేదు. ఉరికితే నేను పడిపోతుంటి.

ఠాణాలో బల్ల వెనక ఒక సాహెబు కూర్చొని ఉన్నడు. "కాయ్ ఝాలం?" అని మరాఠీలో, ఏమైందని అడిగిండు. ప్రతీక్ నోరు తెరిచేలోపల వాని ఫోన్ మోగింది. కునాల్. సాహెబు ఎత్తమని సైగ చేసిండు. ప్రతీక్ ఎత్తి, అందరికీ వినబడేటట్టు బల్ల మీద పెట్టిండు.

అవతల శ్వాస ఒక్కటే వినబడ్డది.

"గుడి ఆ దిక్కు లేదు కద" అన్నడు కునాల్, అదే మెత్తటి గొంతుతో.

రత్నాబాయి నా చెయ్యి నలిగిపోయేటట్టు పట్టుకున్నది. సాహెబు కుర్చీలో ముందుకు జరిగిండు. ప్రతీక్ ఆ ఫోన్ దిక్కు ఒకసారి చూసి, దాన్ని కట్ చెయ్యకుండనే, గ్యారేజీ ఏ సందులో ఉన్నదో చెప్పుడు మొదలుపెట్టిండు.