తల ఆరేలోగా

పెద్దకోడలికి నడుం నొప్పి అని ఇంట్లోవాళ్ళకే కాదు, ఆ ఊరి బస్టాండులో ఆగే ప్రతి బస్సుకీ తెలుసు. బస్టాండు మైకులో బస్సులు చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఎక్కడ బయలుదేరి, ఏయే ఊళ్ళ మీదుగా, ఎక్కడికి చేరుతుందో రోజంతా చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చి నడుం గురించి కూడా అలాగే చెప్పేది. పొద్దున్న కూర్చోగానే ఎక్కడ పట్టింది, మధ్యాహ్నానికి ఎక్కడికి పాకింది, నిలబడితే ఎలా వదిలింది, అన్నీ పూసగుచ్చినట్టు. మొగుడు చెవుల్లో దూది పెట్టుకుని అన్నం తినేవాడు.

చిన్నకోడలి సంగతి వేరు. నోట్లో నాలుక లేని మనిషి. గడియారాలు బాగుచేసే షాపులో పదకొండేళ్ళుగా పని. కంటికి ఆనని మరలు పట్టకారుతో పట్టుకుని బిగిస్తుంది. అలాంటిది రెండేళ్ళ నుంచి కుడిచెయ్యి మాట వినడం లేదు. షాపులో పట్టకారు జారుతోంది, ఇంట్లో గిన్నెలు జారుతున్నాయి. ముగ్గురు డాక్టర్లకి చూపించుకుంది. "ఎక్కడమ్మా నొప్పి?" అంటే చిటికెనవేలు చూపించి, "ఇదిగో, ఇలా... ఎప్పుడూ కాదు లెండి" అని తలొంచుకునేది. వాళ్ళు వేలికి ఎక్స్‌రేలు తీసి, ఏమీ లేదు, ఉత్త టెన్షను అన్నారు. "గిన్నెలు తోమమంటే చేతులు జారకేం చేస్తాయి!" అని పెద్దకోడలు ఎత్తిపొడిచేది.

షాపు యజమాని మంచివాడే. కానీ మొన్న ఎవరిదో పెళ్ళినాటి వాచీ ఈవిడ చేతిలోంచి పడి పగిలాక ఆయనకీ ఓపిక పోయింది. "ఆ చేతికేమైందో, నయమవుతుందో లేదో సోమవారానికి డాక్టరు చేత రాయించుకురా. లేకపోతే నీ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతా" అన్నాడు.

శనివారం పొద్దున్న పెద్దకోడలు తన నడుముకి వేడినీటి బుగ్గల స్నానం చేయిద్దామని బయల్దేరింది. తోడుకి చిన్నకోడల్ని లాక్కెళ్ళింది. మొగుళ్ళనీ పిల్లల్నీ ఇంట్లో వదిలేసి తోడికోడళ్ళిద్దరే ఊరు దాటడం అదే మొదటిసారి. బడి ఎగ్గొట్టిన పిల్లల్లా బస్సులో మూడు గంటలూ కిటికీలోంచి తలలు బయటపెట్టి కూర్చున్నారు. చిన్నకోడలు కూడా సోమవారం సంగతి మర్చిపోయి రెండుసార్లు గట్టిగా నవ్వింది.

బుగ్గల దగ్గర వరసగా సిమెంటు తొట్లు, చుట్టూ పొగలు, కుళ్ళిన కోడిగుడ్డు లాంటి గంధకం వాసన. తువ్వాళ్ళు ఇచ్చే ఆవిడ తలెత్తకుండానే చెప్పింది. "ఒక్క తొట్టే ఖాళీ ఉందమ్మా. ఇద్దరూ అందులోనే దిగాలి. దిగితే ఈవిడ నొప్పి ఆవిడకీ, ఆవిడ నొప్పి ఈవిడకీ మారుతుంది. ఇద్దరి తలలూ ఆరితే మళ్ళీ ఎవరిది వాళ్ళకి వచ్చేస్తుంది. చెప్పులు అక్కడ విప్పండి."

"మారనీండి," అంది పెద్దకోడలు. "దానిదేముంది, చీమ కుట్టినంత. నాది మోయాలి, పాపం అది."

ఇద్దరూ మెడదాకా దిగారు. అబ్బ, ఏం సుఖం! మూడుసార్లు తలలు ముంచి లేచారు. మూడోసారి లేస్తూనే పెద్దకోడలు, "వామ్మో!" అని కేక పెట్టింది. పక్క తొట్టిలో ముసలావిడ ఉలిక్కిపడింది.

"ఏమే, ఇదేంటే! రెండేళ్ళ నుంచీ ఇదేనా?"

"అవునక్కా. మరీ అంత ఉండదు కదా?"

"అంత ఉండదా? నా ప్రాణం పోతోందే! ఆ చెయ్యి మడవకు, మడిచావంటే నాకిక్కడ చచ్చే చావుగా ఉంది!"

చిన్నకోడలు గబుక్కున చెయ్యి చాచింది. తర్వాత నడుం పట్టుకుని, "అక్కా, మీరు కాస్త నిలబడరూ," అంది. "మీరు కూర్చుంటే నాకు నడుం విరిగిపోతోంది. దీంతో రోజంతా మైకు ముందు ఎలా కూర్చుంటున్నారు?"

పెద్దకోడలు లేచి నిలబడింది. చిన్నకోడలి చాచిన చెయ్యి మడత పడకుండా తన చేత్తో పట్టుకుంది. ఆ ఇంట కోడలిగా అడుగుపెట్టాక అదే మొదటిసారి.

"నిన్ను ఎన్నేసి మాటలన్నానే," అంది.

"మీరు అన్నది నాకూ నిజమేననిపించేదక్కా. డాక్టర్లే ఏమీ లేదన్నారు కదా."

ఆ మాటకి పెద్దకోడలికి ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. నీళ్ళలోంచి ఒక్క గెంతు గెంతింది. "ఈ ఊళ్ళో డాక్టరున్నాడా?"

"సందు చివర," అంది తువ్వాళ్ళావిడ. "ఒంటిగంటకి మూసేస్తాడు. పావు తక్కువైంది. మళ్ళీ సోమవారమే."

"పదవే! నా తల ఆరేలోగా చెప్పెయ్యాలి."

"నేను చెప్తానులెండి."

"నువ్వా? రెండేళ్ళ నుంచీ చెప్తూనే ఉన్నావుగా!"

చీరలు ఎలా చుట్టుకున్నారో వాళ్ళకే తెలీదు, పరుగో పరుగు. పైన ఎండ, ఎదురుగాలి. చిన్నకోడలిది పిడికెడు జుట్టు, సందు మొదట్లోనే ఆరిపోయింది. ఇక భారమంతా పెద్దకోడలి తల మీదే. "చెయ్యి చాచి పరిగెత్తవే!" అని అరుస్తూ ముందు దూసుకుపోతోంది. సైకిలు షాపతను చూసి, ట్యూబులు ముంచే తొట్టిలోంచి చెంబుడు నీళ్ళు తీసి ఆవిడ నెత్తిన గుమ్మరించాడు. మొక్కలకి నీళ్ళు పెడుతున్న పెద్దాయన పైపు ఇటు తిప్పి, "ఎవరి నొప్పమ్మా?" అని అడిగాడు.

"మా తోడికోడలిది!"

"ఉరుకు ఉరుకు, తాళం వేసేస్తున్నాడు!"

డాక్టరు నిజంగానే తాళం వేస్తున్నాడు. నీళ్ళోడుతూ ఇద్దరాడవాళ్ళు మెట్లెక్కేసరికి, "సొంతదా, మార్చుకున్నదా?" అన్నాడు.

"మార్చుకున్నదేనండీ."

ఆయన జుట్టు వంక చూశాడు. "ఇంకో పది నిమిషాలుంటుంది. లోపలికొచ్చి చెప్పండి."

పెద్దకోడలు గొంతు సవరించుకుంది. "మోచేతి లోపలి ఎముక దగ్గర బయలుదేరి, ముంజేతి మీదుగా, మణికట్టులో ఆగకుండా, చిటికెనవేలికీ దాని పక్కవేలికీ చేరుతుందండీ. నడిమివేలికి వెళ్ళదు. అది చెయ్యి మడిచిందంటే ఎక్స్‌ప్రెస్సు, చాచిందంటే పాసింజరు. వేళ్ళు రెండూ మొద్దుబారతాయి. అంతేగానీ వేలి దగ్గరేమీ లేదండీ. అది వేలు చూపిస్తే మీవాళ్ళు వేలే చూశారు!"

డాక్టరు చిన్నకోడలి మోచేతి లోపల వేలితో టక్కున తట్టాడు. ఇటు పెద్దకోడలు ఎగిరిపడింది.

"పనిచేసేటప్పుడు మోచెయ్యి బల్ల అంచుకి ఆనిస్తావా?"

"పదకొండేళ్ళ నుంచీ అండీ, గడియారాల షాపులో పట్టకారు పని," అంది చిన్నకోడలు.

"అక్కడ నరం నలిగిపోతోంది. చిన్న ఆపరేషను, నరాన్ని కాస్త పక్కకి జరుపుతారు. రెండు నెలల్లో మళ్ళీ పట్టకారు పట్టుకోవచ్చు." ఆయన కాగితం తీసి అన్నీ రాసి, సంతకం చేసి, ముద్ర వేశాడు.

నోరుంటే తల కాస్తుందంటారు. పెద్దకోడలి నోరు ఆ రోజు ఇంకొకరి చేతిని కాసింది. చిన్నకోడలు ఆ కాగితం మూడుసార్లు చదువుకుంది. "ఉందక్కా, నిజంగానే ఉంది! దీనికి పేరు కూడా ఉంది!" అని పరీక్ష పాసైన పిల్లలా నవ్వుతూ, మధ్యలో ఏడుస్తూ, తోడికోడలి తడి భుజం మీద వాలిపోయింది.

తిరుగు బస్సెక్కగానే చిన్నకోడలు వెనక పొడుగాటి సీటులో ఒరిగి నిద్రపోయింది. రెండేళ్ళలో అంత నిద్ర ఎరగదు. కుడిచెయ్యి మడిచి చెంప కింద పెట్టుకుంది. పెద్దకోడలి మోచేతిలో నిప్పులు పోసినట్టయింది. ఆ చెయ్యి తీద్దామని వంగింది కూడా. మెలకువొస్తుందేమోనని ఊరుకుంది. కిటికీగాలికి జుట్టు ఆరుతున్నప్పుడల్లా సీసా తెరిచి నెత్తిన ఇన్ని నీళ్ళు పోసుకుంటూ, పై కమ్మీ పట్టుకుని, మూడు గంటలూ అలాగే నిలబడింది.

తమ ఊరి పొలిమేరలో చిన్నకోడలికి మెలకువ వచ్చింది. "అదేంటక్కా, మీరు కూర్చోలేదా?"

"సీటు దొరకలేదే," అంది పెద్దకోడలు.

బస్సులో వాళ్ళిద్దరూ కాక ముగ్గురే ఉన్నారు.