తలకట్టు పైనే ఉండాలి

కంప్యూటర్‌లో అక్షరం కనిపించడం వేరు, అక్షరం రాస్తుండగా కనిపించడం వేరు. ఈ తేడా నేనే చెప్పానని తన్మయి అందరితో అంటుంది. నిజానికి నేను చెప్పుకున్నది నా కష్టమే.

మా ఆయన పోయాక కిషన్‌బాగ్‌లోని మా ఇంట్లో పై వాటా అద్దెకిచ్చాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తన్మయి అందులోకి వచ్చింది. మా ఆయన ఉన్నన్నాళ్ళూ చదవాల్సినవన్నీ ఆయనే చదివిపెట్టేవారు. ఆయన లేకుండా మొదటిసారి సైదాబాద్‌లోని మా చెల్లెలింటికి బయలుదేరి, నయాపూల్ దగ్గర వచ్చిన ప్రతి బస్సునూ ఎక్కడికని అడిగాను. ఒకాయన, "బోర్డు మీద గంత పెద్దగ రాసిండ్రు గదమ్మా" అన్నాడు. ఆ బోర్డు చదవాలనే మా వీధి గ్రంథాలయంలో ఆడవాళ్ళ చదువు తరగతిలో చేరాను.

చేరిన కొత్తలోనే మా టీచరమ్మకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. గ్రంథాలయం చూసుకునే విఠల్‌రావు, "చెప్పేటోళ్లు లేనప్పుడు మీకు గది ఎందుకమ్మా? పేపర్ చదివేటోళ్లకన్న ఇస్త" అన్నాడు.

తన్మయికి చెప్పుకుంటే, "ఫికర్ చేయకు పెద్దమ్మా. అక్కడ పాత కంప్యూటర్ ఉంది గద, దానితోని నేర్పిస్త" అంది. తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. బటన్ నొక్కగానే తెర మీద క వచ్చి నిలబడింది.

"మంచిగుంది. మరి ఎక్కడ మొదలువెట్టాలె? చెయ్యి ఎటు పోవాలె?" అని అడిగాను.

తన్మయి ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. తర్వాత విడమరిచి చెప్పింది. తను ప్రోగ్రాములు రాసే భాషలో, తెర మీద కనిపించే కిటికీలు, బటన్లు తయారుగా దొరుకుతాయట. ఒక్కో రకం కంప్యూటర్‌కు ఒక్కో సామాన్ల పెట్టె ఉంటుంది. కానీ ఏ పెట్టెలోనూ గీత గీసే వీలు లేదు. ఆ భాషను చూసుకునేవాళ్ళు తలో దేశంలో ఉండి, జీతం లేకుండా, తీరిక దొరికినప్పుడు పని చేస్తారు. మనం ఏదైనా చేర్చితే వాళ్ళు చూసి ఒప్పుకోవాలి.

"అయితే చేర్చరాదూ?" అన్నాను, కూరలో ఉప్పు వెయ్యమన్నంత తేలికగా.

"చేర్చుడేనా? పెద్దమ్మా, నువ్వు మా మేనేజర్ లెక్కనే మాట్లాడుతున్నవ్" అని నవ్వింది. కానీ సెలవు రోజులన్నీ దానికే పెట్టింది. అందాకా గది ఎవరికీ ఇవ్వొద్దని నేను విఠల్‌రావును బతిమాలుకున్నాను.

కొన్ని వారాలకు మళ్ళీ పిలిచింది. ఈసారి తెర మీద ఒక చుక్క మెల్లగా కదిలింది. వంపు తిరిగింది, వెనక్కి వచ్చింది, చివరికి పైన తలకట్టు పెట్టి ఆగింది. దాని వెంట నా వేలు పోనిచ్చాను. నాకంటే ముందు నా వేలికే అర్థమైంది.

గ్రంథాలయంలోని కంప్యూటర్ వేరే రకం. తన్మయి అందులోనూ ఎక్కించింది. ఒక గుండ్రం, ఒక చదరం గీయించి చూస్తే బాగానే వచ్చాయి. ఆఫీసుకు వేళవుతోందని, ఏ బటన్ నొక్కాలో నాకు చూపించి వెళ్ళిపోయింది.

మేమంతా పలకలు పట్టుకుని కూర్చున్నాం. చుక్క కదిలింది. ఇంటి దగ్గర చూసినట్టు లేదే అని నాకు అనిపించకపోలేదు. కంప్యూటర్ కంటే నాకు ఎక్కువ తెలుసా అని ఊరుకున్నాను. అందరం చుక్క ఎటు పోతే అటు పోయి, ఒద్దికగా రాశాం.

విఠల్‌రావు వచ్చి పలకలు చూశాడు. "ఏందమ్మా గిది? తలకట్టు తీస్కపోయి కాళ్లకు కట్టిండ్రు."

కూరగాయలమ్మే కొమురమ్మ తన పలకను కిందిది పైకి తిప్పింది. "ఇప్పుడో సార్?" తలకట్టు పైకి వచ్చింది గానీ, అటు పోవాల్సింది ఇటు పోయింది.

"ఆదివారం దాక చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే గది పేపర్ చదివేటోళ్లకే."

"చదువుతరా, కునుకు తీస్తరా? మేం చూస్తలేమా సార్" అంది కొమురమ్మ.

సాయంత్రం ఆ పలకలన్నీ సంచిలో వేసుకుని తన్మయి దగ్గరికి వెళ్ళాను. అంత కష్టపడిన పిల్ల ఏమనుకుంటుందోనని నా భయం. తను ఒక పలక చూసింది, ఇంకొకటి చూసింది, మెట్ల మీద కూలబడి నవ్వింది.

"గుండ్రం తలకిందులైనా గుండ్రమే పెద్దమ్మా. చదరం గూడ అంతే. నేను గవ్వే చూసిన. ఒక పెట్టె పైనుంచి కిందికి కొలుస్తది, ఇంకోటి కిందినుంచి పైకి. మీరు ఉన్నదున్నట్టు రాయకుంటే నాకు మస్తు రోజులు తెల్వకపోవు."

పలకలన్నీ పిట్టగోడ మీద వరసగా నిలబెట్టి ఫొటో తీసింది. తప్పు సరిచేసి, ఆ ఫొటోతో సహా భాష చూసుకునేవాళ్ళకు పంపింది. శనివారం జవాబు వచ్చింది. ఒప్పుకున్నారు. ఇకమీదట గుండ్రాలతో సరిపెట్టుకోకుండా ఒక అక్షరం గీయించి చూస్తామని, ఆ అక్షరం పలకల వాళ్ళనే పంపమని రాశారు.

"క నే పంపుదాం. నువ్వే గీయాలె" అని తన్మయి మౌస్ నా చేతికిచ్చింది. చెయ్యి వణికింది, గీత కూడా వణికింది.

"మళ్ల గీస్త."

"వద్దు పెద్దమ్మా, గిట్లనే ఉండనీ."

ఆదివారం తరగతిలో చుక్క కదులుతుంటే విఠల్‌రావు గుమ్మంలో నిలబడి చూశాడు. తలకట్టు పైన పడింది. పేపర్ల బల్ల దగ్గరి కుర్చీ తెచ్చి, నిలబడి రాస్తున్న కొమురమ్మ వెనక వేశాడు. గది మాకే ఉండిపోయింది.

ఇప్పుడు నయాపూల్ దగ్గర బోర్డులు నేనే చదువుకుంటున్నాను. ఒక్కోసారి చదవడం పూర్తయ్యేలోపు బస్సు వెళ్ళిపోతుంది. ఇంకొకటి వస్తుంది, దానికీ బోర్డు ఉంటుంది.

ఆ గీతల పనిలో ఎవరు ఏ మార్పు చేసినా, ముందుగా వాళ్ళ తెర మీద నా వణుకుడు క వస్తుందట. తలకట్టు పైనే ఉందని చూసుకున్నాకే ముందుకు పోతారట. వాళ్ళెవరికీ నా పేరు తెలియదు, నాకూ వాళ్ళ పేర్లు తెలియవు. తన్మయితో పాటు వాళ్ళందరూ చల్లగా ఉండాలని రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకుంటాను.