సుద్దగీత

గనిలోకి దిగగానే ఇస్తారి చేయవలసిన పనులు ఇవి. కర్రతో పైకప్పు కొట్టి చూడాలి. డొల్లగా మోగితే కింద దుంగ నిలపాలి. సందులో చెక్క దిగగొట్టాలి. మళ్లీ కొట్టి వినాలి. అంతా అయ్యాకే గోడ మీద సుద్దతో గీత పెట్టాలి. ఆ గీత చూసే బొగ్గు నింపేవాళ్లు లోపలికి వెళ్తారు.

1957 ఆషాఢంలో ఒకరోజు, ఒళ్లు బాగాలేదని, ఇస్తారి గీత ఒక్కటే పెట్టాడు. దాన్ని నమ్మి వెళ్లిన రాయమల్లు పైకప్పు బండ కూలి చనిపోయాడు. పాత దుంగ విరిగిందని కాగితాల్లో రాశారు. ఇస్తారి నోరు విప్పలేదు.

మరుసటి ఏడు భార్య అనసూర్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు గానీ, చర్చిలో ప్రభువు బల్ల రొట్టె పళ్లెం చేతికొచ్చినప్పుడల్లా తినకుండా పక్కవాడికి అందించేవాడు. చివరికి మోయలేక దానియేలు పాస్టరుకు చెప్పేశాడు.

"ప్రభువు క్షమించిండు ఇస్తారీ. ఇగ రొట్టె తీసుకో," అన్నాడాయన.

"గంతేనా అయ్యగారు? నేనేం ఇయ్యాలె?"

"ఏం ఇయ్యొద్దు."

"రాయమల్లన్న పెండ్లానికి చెప్పాలె గద?"

"చెప్తే మంచిదే. కాని గది క్షమాపణకు కట్టే కిరాయి గాదు."

ఇస్తారికి నమ్మకం కుదరలేదు. సెలవు కావాలన్నా పని పంచే సర్దారు ఇంటికి కోడిని పంపాల్సిన చోట, ఒక ప్రాణం పోయిన తప్పు ఊరికే మాఫ్ అవుతుందా? దీని వెనక ఏదో ఉంది. పాస్టరు నవ్వి పలకరిస్తే ఎందుకు నవ్వాడని, పలకరించకపోతే ఎవరికి చెప్పి వచ్చాడని ఆలోచించేవాడు.

"అయ్యగారు తుమ్మినా నీ మీదనేనా?" అని అనసూర్య దెప్పింది.

గురువారం సాయంత్రం రాయమల్లు భార్య దేవవ్వ పాస్టరు ఇంటి అరుగు దిగుతూ కనిపించింది. పాస్టరు చెప్పేశాడనుకున్నాడు ఇస్తారి. నేరుగా ఆమె గుడిసెకు పోయాడు.

"అయ్యగారు నీకు చెప్పిండు గద వదినె?"

చాటలో బియ్యం ఏరుతున్న దేవవ్వ తలెత్తింది. "ఏం చెప్పాలె? మెట్‌పల్లిల మా తమ్మునికి ఉత్తరం రాయమంటే రాసిచ్చిండు."

ఇస్తారి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అడిగేశాక ఇక దాచేదేముంది. "గా దినం నేను కప్పు కొట్టి సూడలే. ఊకెనే గీత పెట్టిన."

దేవవ్వ చేతులు ఆగిపోయాయి.

"గీ ముచ్చట అయ్యగారికి ఎరుకనా?"

"ఎరుకే. నెలయింది."

"ఒక్క మాట అనలే గాయన," అంది తనలో తాను. తర్వాత చాట పక్కన పెట్టింది. "నేను మాఫ్ చెయ్య ఇస్తారీ. నీ దేవుడు చేసిండంటే గది నీకూ ఆయనకూ. నన్ను నడుమ పెట్టకు. పో."

దారి పొడుగునా ఇస్తారి లోపల ఒకటే మాట తిరిగింది. తన గుట్టు బయట పెట్టింది పాస్టరు కాదు, తన అనుమానమే. నెల రోజులు వెతికినా ఆ క్షమాపణ వెనక ఏమీ దొరకలేదు. దేవవ్వ మాఫ్ చెయ్యనన్నా దేవుడిచ్చిన క్షమాపణ తగ్గలేదు.

ఆదివారం పళ్లెం వచ్చింది. అలవాటుగా పాస్టరు ముఖం వైపు అనుమానంగానే చూశాడు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇస్తారి రొట్టె ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. సోమవారం, ఎవరూ అడగకుండానే, గని మేనేజరు ముందు నిలబడి జరిగింది చెప్పాడు. అతన్ని దుంగల పని నుంచి తీసేసి బొగ్గు నింపే పనిలో వేశారు.

చదివినవారికి ఒక మనవి. ప్రార్థన చేసేటప్పుడు ఇస్తారి కంటే ముందు దేవవ్వను తలచుకోండి. ఆమె క్షమించలేదని తప్పుపట్టకండి.