బూడిది తప్పు కాదు

అదియమాన్‌కోట్టైలో గోపాలప్ప అని ఒక సేద్యగాడు ఉండె. ఇంత మెట్టచేను, నాలుగు మామిడిచెట్లు, అంతే. కానీ మిద్దె ఎక్కినాడంటే ఆయన వేరే మనిషి. ఆడ పలకలు కొట్టిన గూళ్ళలో పందెం పావురాలను పెంచుతా ఉండె.

అట్లాంటి పావురాల పిచ్చోళ్ళు ఆ పక్క ఒక గుంపే ఉండ్రి. ఏడాదికొకతూరి పక్షుల్ని గంపల్లో పెట్టి రైల్లో గుంతకల్లుకు పంపిస్తారు. ఆడ తెల్లారే పొద్దుకి వదిలితే, ఇంటిదోవ పట్టుకొని అవే వస్తాయి. ఏది ముందు గూట్లో దిగితే అది గెలిచినట్టు.

గోపాలప్పకి బూడిది అని ఒక పెట్ట. దాని తల్లినీ ఆయనే పెంచినాడు, దాని అవ్వనీ ఆయనే. ఎప్పుడు వదిలినా, పొద్దు నెత్తిమీదికి రాకముందే మిద్దెమీద వాలేది. ఆ పెట్టకు నాకన్నా ముందు కూడు అని పెండ్లాం రంగనాయకమ్మ అంటా ఉండె. కోపంతో కాదు. ఉన్నమాటే.

ఊళ్ళోకి సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన ఏడు అది. గుంతకల్లులో వదిలేసినామని ఫోను వచ్చింది. గోపాలప్ప ఉత్తరం పక్క చూస్తా కూర్చున్నాడు. పొద్దు నెత్తిమీదికి వచ్చె, వాలె, మునిగె. బూడిది రాలే. మరుసటి దినం సాయంత్రం వచ్చింది. అదీ గూటికి కాదు. పక్కింటి గోడమీద వాలి, రెక్కలు జారేసుకొని అణిగి కూర్చునింది.

ఆ ఏడు అందరి పక్షులూ అట్లే. కొన్ని రానే లేదు. గాలి మంచిది కాదు అనిరి, పక్షులు సోమరివి అనిరి. కుప్పుసామి అని ఒకడు, వాడి పక్షీ లేటుగా వచ్చిందే, అయినా నోరు ఊరుకోదు కదా.

"అన్నా, నీ బూడిదికి రైలు టిక్కెట్టు దొరకలేదేమో. నడిచి వచ్చినట్టుంది" అన్నాడు.

వెనకబడిన పక్షిని గూట్లో ఉంచరాదు అనేది ఆ గుంపు కట్టుబాటు. ఉంచితే ఆ సోమరితనం పిల్లలకు దిగుతుందంట. ఈ మాట పదిమందికి చెప్పినవాడు గోపాలప్పే. ఇప్పుడు తనకాడికి వచ్చినప్పుడు తప్పించుకునేది ఎట్లా? పక్కవీధి పుట్టమ్మ మొగుడికి ఒకపక్క కాలూ చెయ్యీ పడిపోయి ఉండె. పావురం చారు తాగితే నరాలకు వేడి పుడుతుందని వాళ్ళ నమ్మకం. బూడిదిని తువ్వాల్లో చుట్టుకొని పోయి పుట్టమ్మ చేతికి ఇచ్చేసి వచ్చినాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ వారంలోనే వాసుదేవన్ శెట్టి వచ్చినాడు. ఈ శెట్టికి పళ్లిపట్టిలో పావురాల మేత కంపెనీ. కంపెనీ అంటే ఒక రేకులకొట్టు, ఒక జల్లెడ మిషను, కూలికి వచ్చే ఆడోళ్ళు. సజ్జలు, బటాణి, మక్కజొన్న కలిపి మూట కడతాడు. ఆ పిచ్చోళ్ళందరికీ ఆయన మూటే. మోపెడ్ నిలిపి, చెప్పులు కిందే విడిచి, మిద్దె ఎక్కి నిలబడినాడు.

"అన్నా, పక్షిమీద తప్పు లేదు. తప్పు నా మూటలో" అన్నాడు.

వానకు మక్కజొన్న తడిసిందంట. ఎండబెట్టి కలిపేసినారంట. లోపల బూజు పట్టింది ఎవరూ చూడలే. తన పక్షులూ వాడిపోతుంటే అనుమానం వచ్చి, ఆ గింజల్ని పశువుల డాక్టరుకు చూపించినాడంట. అది తిన్న పక్షికి రెక్కలో సత్తువ ఉండదు అన్నాడంట డాక్టరు. నిన్ననే తెలిసింది, ఇంటింటికీ పోయి చెప్తా ఉండాను అన్నాడు.

గోపాలప్ప బూడిది గూటికేసి చూసినాడు.

"నువ్వు చెప్పకుండా ఉంటే ఏమయ్యేది శెట్టీ?"

"ఏమీ అయ్యేది లేదు. మీరు పక్షుల్ని కోసుకుంటా ఉందురు. నేను మూటలు అమ్ముకుంటా ఉందును."

గోపాలప్ప ఆ కాళ్ళతోనే పుట్టమ్మ ఇంటికి పోయినాడు. వాకిట్లో పేడకుప్పమీద బూడిది ఈకలు ఇంకా ఉండె. చారు తాగినాక మా ఆయన చిటికెనవేలు కదిలినట్టుంది అన్నా, అనె పుట్టమ్మ. కడుపేమన్నా చెడిందా అని అడిగినాడు. లేదనె. పందెం గుర్తుకని బూడిది కాలికి వేసిన కడియాన్ని దారంతో మొగుడి పడిపోయిన చేతికి కట్టి ఉండె. దోవ మరవని పక్షిది కదా, పోయిన కదలిక తిరిగి వస్తుందని.

ఏమీ అనకుండా వచ్చేయొచ్చు. ఎవరూ అడిగేది లేదు. గడప దాటి, మళ్ళీ లోపలికి వచ్చినాడు.

"అమ్మా, అది జబ్బుపక్షి. ఇచ్చిన పొద్దు నాకు తెలీదు. దాంట్లో సత్తువ లేదు."

పుట్టమ్మ మొగుడి చేతికేసి చూస్తా ఉండిపోయింది. తర్వాత మెల్లగా దారం విప్పి కడియాన్ని గోపాలప్ప చేతిలో పెట్టింది.

"చెప్పకుండా ఉంటే బాగుండె కదన్నా" అనింది.

ఆ మాట మోసుకొని ఇంటికి వచ్చినాడు.

గుంపులో వాళ్ళు శెట్టిని తిట్టరాని తిట్లు తిట్టిరి. వాళ్ళు విసిరేసిన మూటలన్నీ ఆయనే మోసుకుపోయి కాల్చేసినాడు. గోపాలప్ప తప్ప అందరూ సేలం మూటకు మారిరి. సేలం కంపెనీవాడు గోపాలప్ప మిద్దె కూడా ఎక్కినాడు. మా మూట ఒక్కతూరి కూడా చెడలేదు పెద్దాయనా, అన్నాడు.

"చెడలేదా, చెప్పలేదా?" అన్నాడు గోపాలప్ప. వాడికి అర్థం కాలే. దిగిపోయినాడు.

దీపావళి వచ్చేటప్పటికి కుప్పుసామి పళ్లిపట్టికి పోయి శెట్టి మూటే ఎత్తుకొచ్చినాడు. ఏమిరా అంటే, చెడితే వాడు చెప్తాడు కదన్నా, అన్నాడు. ఒకరి వెనక ఒకరు అట్లే పోయిరి.

గోపాలప్ప అసలు సేలం మూటకు మారనే లేదు. శెట్టి మూట తెచ్చి దించితే, దాన్ని విప్పి, మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగు గింజలు తీసి, వాసన చూసి, కొరికి చూస్తాడు. అయ్యేదాకా శెట్టి పక్కనే నిలబడి ఉంటాడు. ఆయన్ని మన్నించినానని గోపాలప్ప ఎన్నడూ అనలే. వేరేవాడికాడ కొననూ లేదు.

బూడిది గూడు ఖాళీగానే ఉండె. ఆ కడియం దాని మేకుకు తగిలించినాడు. గాలి వచ్చినప్పుడు పలకకు తగిలి టిక్కు టిక్కుమంటుంది. అప్పుడు శెట్టీ తలొంచుకుంటాడు, గోపాలప్పా తలొంచుకుంటాడు.