అన్నయ్య దగ్గర ఆగిన లోటు

ఎండ పొద్దున్నే వచ్చి, బజారులో బాగా పైనున్న కొట్లో బియ్యం అమ్మే సింహాద్రి దగ్గర్నుంచి ఒక ఊపిరి ఎత్తుకుపోతుంది.

మా బజారు మెలితిరిగిన నిచ్చెనలా నిలువుగా ఉంటుంది. కొట్టు మీద కొట్టు. మా దగ్గర మనిషీ సరుకూ ఒకటే. బియ్యానికి ఎదురుగా పప్పు కూర్చుంటుంది, బెల్లానికి ఎదురుగా చింతపండు. ఎదురుబొదురు కొట్లను తాళ్లు పట్టి ఉంచుతాయి. బియ్యం, పప్పు వాళ్లకి రెండు తాళ్లు; బెల్లం, చింతపండు వాళ్లం, మాకు మూడు. మాది గట్టి బేరం.

మా వర్తకుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏది తక్కువైనా పక్క కొట్లోంచి చేబదులు తీసుకుంటాం. అడగనక్కర్లేదు, చెయ్యి చాపితే చాలు. సింహాద్రి కిందివాడి ఊపిరి తీసుకుంటాడు. అతను తన కిందివాడిది తీసుకుంటాడు. లోటు అలా కొట్టు తరవాత కొట్టు దిగుతుంది. దాటిన చోట గీత కూడా పడదు, తూకాలు మామూలుగా సాగుతాయి. నష్టం ఎక్కడ పుట్టిందో ఎవరికీ పట్టదు. ఎక్కడ ఆగిందన్నదే లెక్క.

ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. అందరికంటే తేలిగ్గా ఇచ్చేసేది బెల్లం వాళ్లం. అందులోనూ రెండు బెల్లం కొట్లు ఒకదాని మీద ఒకటి ఉన్నది మా దగ్గరే. పైది మా అన్నయ్య నూకరాజుది, కిందిది నాది.

నా ఛాతీ ఖాళీ గోనెలా కుంగుతుంది.

"అన్నియ్యా, నా ఊపిరి నువ్వు పట్టుకెల్లావేటి?"

"పట్టుకెల్లాను. నీకు కావాలేటి?"

"కావాలి."

"అయితే తీసీసుకో."

తీసుకుంటాను. "మరి నీకో? పైవోడినడుగు."

"అడిగితే అది తిరిగి తిరిగి మల్లీ నీ దగ్గరికే వస్తాది. ఎందుకొచ్చిన తిరుగుడు?"

అన్నయ్య నోరు తెరిచే ఉంది. ఒక నీటిచుక్క జారి అందులో పడుతుంది. బెల్లానికి నీళ్లు తగిలితే ఏమవుతుందో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. లోటు ఇక కదలదు. అన్నయ్య నల్లబడి, చెమ్మగిల్లి, కూర్చున్నచోటే పక్కకి తిరిగిపోతాడు.

అన్నయ్య ఎదుటి చింతపండు కొట్టు గౌరమ్మ తాళ్లు గుంజి చూస్తుంది. "ఓలమ్మ! ఈడేటి నన్ను చూడ్డం మానీసినాడు? ఎదురుగా ఇంకెవులైనా దొరికినారేటి?"

మధ్యాహ్నం తనిఖీ మనిషి వస్తుంది. బెల్లం వాళ్లందర్నీ బొటనవేలితో నొక్కి చూడటం ఆమె పని. పాడైనవాణ్ణి బయటికి తిప్పి, పెకలించి, చెంగులో వేసుకుంటుంది. ఆ ఖాళీలో తాజా బెల్లం వాణ్ణి కూర్చోబెడతారు. బజారుకి అది లాభమే. నాకు మాత్రం అన్నయ్య పోతాడు.

నేను అన్నయ్య మీద గోనె కప్పి, ముందు నిలబడతాను.

"పై కొట్లో ఎవులు?"

"నేనే."

"కింది కొట్లో?"

"అక్కడా నేనే."

"అయితే బాగానే ఉన్నారు," అని నా చెంపే రెండుసార్లు నొక్కి వెళ్లిపోతుంది.

బజారు రెండయ్యే వేళ వస్తుంది. తాళ్లు తెగి, నిలువునా విడిపోతుంది. ప్రతి సగానికీ ఎదురు సగం కొత్తగా కట్టాలి. కట్టే మేస్త్రీ కొట్టువాడి మొహం చూసి ఎదురుగా ఎవరు కూర్చోవాలో చెబుతాడు. నన్ను చూసి "చింతపండు" అంటాడు. గోనె తీసి, పక్కకి తిరిగిన అన్నయ్యను పప్పు అనుకుని "బియ్యం" అంటాడు.

"అదేటి మేస్త్రీ, ఆయన బెల్లం."

"నాకు కనపడిందే కడతాను బాబూ."

అన్నయ్య ఎదురుగా బియ్యం వాడు కూర్చుంటాడు. అన్నయ్య తల తిప్పడు.

బజారు మళ్లీ విడిపోతుంది, అన్నయ్య ఉన్న సగం అటు, బియ్యం వాడి సగం ఇటు. ఈసారి ఆ బియ్యం వాణ్ణి చూసి మేస్త్రీ "పప్పు" అంటాడు. అందులో తప్పేమీ లేదు. ఆ సగానికి కట్టిన కొత్త బజారులో కింది కొట్లో మళ్లీ నేనే ఉంటాను. పై కొట్లో, అన్నయ్య చోట, కందిపప్పు అమ్మే మనిషి ఉంటాడు. ఆయన మొదట్నుంచీ అక్కడే ఉన్నాడని నా ఎదుటి చింతపండు ఆమె అంటుంది. ఆయనే మా అన్నయ్యట.

ఎండ మళ్లీ వస్తుంది. నాకు ఊపిరి తక్కువవుతుంది. పైకి చెయ్యి చాపుతాను. ఊపిరి రాదు, ఒక కందిపప్పు గింజ వస్తుంది. అది తెరిచిన నోరులా ఉంది, లోపల నీటిచుక్క.

దాన్ని తక్కెడలో పెడతాను. పళ్లెం కిందికి దిగుతుంది. నా కొట్టు నేల దాటి, కింది కొట్టు దాటి, దాని కిందిది దాటి దిగుతూనే ఉంటుంది. రెండో పళ్లెంలో, అన్నయ్య మీద గోనె కప్పిన నేను నిలబడి ఉన్నాను, ఆ గింజకి సరితూగక.